మార్పు ప్రకటించారు, కదలిక లేదు: లక్షణం, కారణం, పరిష్కారం

"అన్నీ చేశామండీ, అయినా ఏదీ కదలడం లేదు." పెద్ద మార్పు తలపెట్టిన సంస్థల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఈ మాటతోనే మొదలవుతాయి. మార్పు ఏదైనా కావచ్చు. మార్కెట్ తలకిందులై వ్యాపారం తీరే మార్చుకోవాల్సి రావచ్చు, పాత సాఫ్ట్‌వేర్ పీకేసి కొత్తది పెట్టొచ్చు, రెండు సంస్థలు కలవొచ్చు. ఫోన్ చేసేవాళ్లు మాత్రం ఒకేలా మాట్లాడతారు. ఉద్యోగులందరితో టౌన్‌హాల్ మీటింగ్ పెట్టాం, వీడియో చేశాం, ట్రైనింగ్ ఇచ్చాం, అందరూ చప్పట్లు కొట్టారు, ఆరు నెలలైంది, ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు.

ఏం మారుస్తున్నారో, ఎందుకు మారుస్తున్నారో మీరు ఇప్పటికే చెప్పారనీ, డబ్బు కేటాయించారనీ, బాధ్యత ఎవరిదో తేల్చారనీ అనుకుని రాస్తున్నాను. అవి చేయకపోతే ముందు అవి కానివ్వండి. దీంతో తర్వాత పని పడుతుంది.

ముందు ఇది చూడండి

కిందికి వెళ్లే ముందు ఒక చిన్న పని ఉంది. మార్పు ఎక్కడ ఆగిందని మీకు అనుమానమో, ఆ విభాగం వారం వారం జరుపుకునే రివ్యూ మీటింగ్‌లో వెనక కుర్చీలో కూర్చోండి. నోరు విప్పొద్దు. మూడు విషయాలు రాసుకోండి. మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటి? ఏ జవాబుకి ఆయన ముఖం మాడింది? దేని గురించి "అది తర్వాత చూద్దాం" అన్నారు?

మీరే సంస్థకి పెద్ద అయితే, మీరొస్తున్నారని తెలియగానే ఆ మీటింగ్ నాటకమైపోతుంది. అలాంటప్పుడు వెళ్లొద్దు. గత నాలుగు వారాల రివ్యూ షీట్లు తెప్పించుకోండి. ప్రత్యేకంగా తయారు చేయించొద్దు, నిజంగా వాడినవే, గీతలూ కొట్టివేతలూ ఉన్నవే కావాలి.

ఈ మాట చెబితే చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. "మా రివ్యూలు బాగానే జరుగుతాయి లెండి" అంటారు. ఆ తర్వాత ఉద్యోగుల మనసులో ఏముందో తెలుసుకోవడానికి సర్వే చేయిస్తారు. ఆ సర్వేకి రెండు నెలలు. రిపోర్టు మీద చర్చకి ఒక నెల. ఇంతా చేసి చివరికి ఆ వెనక కుర్చీకే వస్తారు. అదేదో మొదటే చేస్తే ఆ మూడు నెలలూ మిగిలేవి కదా.

లక్షణం: అందరూ సరేనంటారు, చేసేది మాత్రం పాత పనే

ఎక్కువగా కనిపించేది ఇదే. ఎవరూ ఎదురు చెప్పరు. గొడవ ఉండదు. అడిగితే కొత్త పద్ధతి గురించి మీకన్నా బాగా చెబుతారు. నెలాఖరున లెక్క చూస్తే మాత్రం అంతా పాతదే.

దీనికి అందరూ చెప్పే కారణం "జనానికి మార్పంటే భయం". దీన్ని నేను చివరి కారణంగా తప్ప మొదటి కారణంగా ఒప్పుకోను. భయపడ్డవాళ్లు అడుగుతారు, గొణుగుతారు, సెలవు పెడతారు. ఇంత ప్రశాంతంగా తల ఊపరు. ఇంత మర్యాదగా ఏమీ మారలేదంటే, పాత పని చేయమని ఎవరో వాళ్లని ఇంకా అడుగుతున్నారని అర్థం. ఆ అడిగేది పాత కొలత, అంటే వాళ్ల పనిని లెక్కగట్టే పాత అంకె. మీరు కొత్తది ప్రకటించారు, పాతదాన్ని తీసేయలేదు. నోటితో మాట్లాడి నొసటితో వెక్కిరించినట్టు, వేదిక మీద సంస్థ ఒకటి చెబుతుంది, రివ్యూ షీట్ ఇంకొకటి చెబుతుంది. కింద ఉన్నవాళ్లు షీట్‌నే నమ్ముతారు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు.

నేను దీన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చేయి కాల్చుకుని నేర్చుకున్నాను.

అది యంత్రాలు తయారుచేసి అమ్మే సంస్థ. చౌకగా అమ్మే పోటీదారులు దిగారు. యంత్రాన్ని అమ్మేసి చేతులు దులుపుకోవడం మానేసి, నెలకింత చొప్పున అద్దెకిచ్చి, మరమ్మతులు కూడా మనమే చూసుకుందాం అని నిర్ణయించారు. మంచి నిర్ణయమే. దాన్ని కిందిదాకా తీసుకెళ్లే పని నాకు అప్పగించారు. మొదటి నాలుగు నెలల్లో అద్దె ఒప్పందాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని వచ్చాయి. వాళ్లకి అర్థం కాలేదేమో అనుకున్నాను, మళ్లీ ట్రైనింగ్ పెట్టించాను. ఆరో నెలకి, వీళ్లు కావాలనే అడ్డుపడుతున్నారు అనుకున్నాను. ఇద్దరు మేనేజర్లని బదిలీ చేయించాను. ఆ ఇద్దరిలో ఒకాయన తప్పు వీసమెత్తు కూడా లేదని తర్వాత తేలింది. అది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఎనిమిదో నెలలో వేరే పని మీద ఒక శాఖకి వెళ్లాను. పక్క గదిలో సోమవారం రివ్యూ జరుగుతోంది. తలుపు తీసే ఉంది. మేనేజర్ మొదటి ప్రశ్న: "ఈ వారం ఎన్ని మెషిన్లు పోయాయి?" రెండో ప్రశ్న, అదే ప్రశ్న ఇంకో మనిషికి. లోపలికెళ్లి షీట్ చూశాను. అద్దె ఒప్పందాలకి కాలమ్ ఉంది, లేకపోలేదు. పద్నాలుగో కాలమ్. లాప్‌టాప్ తెరని కుడివైపుకి జరిపితే తప్ప కనపడదు. ఎనిమిది నెలలుగా దాన్ని అటు జరిపినవాళ్లు లేరు.

దొరికింది కదా అని ఆ కాలమ్ తెచ్చి మొదట పెట్టించాను. మెషిన్ల సంఖ్యని చివరికి నెట్టాం. నన్ను అందరూ మెచ్చుకున్నారు. రెండు నెలలు గడిచాయి. ఏమీ మారలేదు.

ఈ రెండో దెబ్బే నాకు అసలు పాఠం. కొలత ఉండేది ఒక్క చోట కాదు. సేల్స్‌వాళ్ల కమిషన్‌ని జీతాల సాఫ్ట్‌వేర్ దానంతట అదే లెక్కగడుతుంది. ఆ నెలలో వేసిన బిల్లు మొత్తం మీద ఇంత శాతం అని ఎన్నో ఏళ్ల కిందట ఎవరో అందులో పెట్టేశారు. యంత్రం అమ్మితే మొత్తం ధర ఆ నెలలోనే బిల్లవుతుంది. అద్దెకిస్తే బిల్లయ్యేది ఒక్క నెల అద్దె. అంటే మేం పొగిడి పంపించిన పనిని చేసినవాడికి ఆ నెల కమిషన్ దాదాపు ఎగిరిపోతుంది. ఇంట్లో నెల ఖర్చులున్న మనిషికి మన పవర్‌పాయింట్ ఎన్నాళ్లు గుర్తుంటుంది?

మరి ఇన్ని నెలలూ ఈ సంగతి ఒక్కరూ ఎందుకు చెప్పలేదు? చెప్పారు. మారువేషంలో చెప్పారు. "నా కమిషన్ పోతోంది" అని పెద్దల ముందు అంటే ఆశపోతు అనుకుంటారు. అందుకని "కస్టమర్లు ఒప్పుకోవడం లేదండీ" అన్నారు. "ఒప్పందం కాగితాలు మరీ పొడుగ్గా ఉన్నాయి" అన్నారు. "ఈ క్వార్టర్ అవ్వనివ్వండి, వచ్చే క్వార్టర్‌లో చూపిస్తాం" అన్నారు. ఈ చివరి మాట రెండుసార్లు వినపడిందంటే ఇంకేమీ వెతకొద్దు, పాత కొలత బతికే ఉంది. ఆ మనిషి నిజాయితీగానే చెబుతున్నాడు: ఈ క్వార్టర్‌లో నన్ను అడిగేది ఇంకొకటి, ముందు అది అప్పజెప్పనివ్వండి అని.

కొలత మారితే అవే మనుషులు ఎలా మారతారో చూడాలంటే ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీ కథ చాలు. కాలిఫోర్నియాలో ఉన్న ఆ జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీకి చెడ్డ పేరుండేది. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి న్యూమీ అనే పేరుతో అక్కడే మళ్లీ తెరిచారు. తీసుకున్న కార్మికుల్లో ఎక్కువమంది పాతవాళ్లే, యూనియన్ కూడా పాతదే. పాత రోజుల్లో అక్కడ తిరుగులేని నియమం ఒక్కటే, కార్లు బిగించే లైన్ ఆగకూడదు. లోపం కనపడ్డా కారు ముందుకు పోవాల్సిందే. కొత్త పద్ధతిలో లోపం కనపడ్డ కార్మికుడు తాడు లాగొచ్చు, అవసరమైతే లైన్ ఆగుతుంది, టీమ్ లీడర్ పరిగెత్తుకొచ్చి సాయం చేస్తాడు. ఒకప్పుడు తిట్లు తెచ్చిపెట్టే పని ఇప్పుడు చేయాల్సిన పని అయింది. కొద్ది కాలంలోనే ఆ ఫ్యాక్టరీ నాణ్యతలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీల్లో ముందు వరుసకి వచ్చింది. "మావాళ్లు మారరు" అనే మేనేజర్లకి నేను ఈ కథే చెబుతాను. వాళ్లకి పెద్దగా నచ్చదు.

ఇంకో కథ ఉంది, నాకు అంతకన్నా ఇష్టమైనది. ఇంటెల్ 1968లో పుట్టింది మెమరీ చిప్పుల కోసం. జపాన్ కంపెనీల దెబ్బకి 1985లో ఆ వ్యాపారం వదులుకుని మైక్రోప్రాసెసర్ల వైపు తిరిగింది. మనల్ని గెంటేసి కొత్త సీఈవోని తెస్తే ఆయన ఏం చేస్తాడని అప్పటి ఇంటెల్ అధ్యక్షుడు ఆండీ గ్రోవ్ సీఈవో గోర్డన్ మూర్‌ని అడిగిన సంగతి అందరూ చెబుతారు. గొప్ప ప్రశ్నే. ఆ ప్రశ్న పుట్టేనాటికే ఫ్యాక్టరీల్లో మార్పు చాలావరకు జరిగిపోయిందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఏ చిప్‌కి ఎన్ని వేఫర్లు (చిప్పులు తయారుచేసే సిలికాన్ పలకలు) కేటాయించాలో తేల్చడానికి అక్కడ ఒక నియమం ఉండేది: ఒక్కో వేఫర్ మీద ఎక్కువ లాభం తెచ్చే చిప్‌కే ముందు చోటు. మెమరీలో లాభం కరిగిపోతున్న కొద్దీ, ఉత్పత్తి ప్లాన్ వేసేవాళ్లు ఆ నియమం ప్రకారమే నెల నెలా కొంచెం కొంచెంగా ప్రాసెసర్ల వైపు జరిగిపోయారు. పైన ఇంకా మనది మెమరీ కంపెనీ అనే అనుకుంటున్నారు. కింద ఒక లెక్క కంపెనీని మార్చేసింది. మీ సంస్థలో కూడా ఈ క్షణాన ఏదో ఒక లెక్క మిమ్మల్ని ఎటో లాక్కెళుతూనే ఉంటుంది. అది మీరు ప్రకటించిన వైపేనా అన్నదే చూసుకోవాలి.

పాత కొలత ఎక్కడెక్కడ దాక్కుంటుంది

రివ్యూ షీట్, కమిషన్ లెక్క గురించి చెప్పాను. వీటి తర్వాత అప్రైజల్ ఫారం చూడండి. ఏడాదికోసారి బయటికొస్తుంది కాబట్టి అందరూ మర్చిపోతారు. కలిసి పనిచేయండి అని చెబుతూ, ఫారంలో మాత్రం టీమ్‌లో ఇంతమందికి తక్కువ రేటింగ్ ఇచ్చి తీరాలని ఉంటే, పక్కవాడికి సాయం చేసినవాడు తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు. మైక్రోసాఫ్ట్‌లో సత్య నాదెళ్ల తెచ్చిన మార్పు గురించి మాట్లాడేవాళ్లు ఒక వరుసక్రమాన్ని మర్చిపోతారు. ఉద్యోగులని ఇలా బలవంతంగా ర్యాంకుల్లో పేర్చే పద్ధతిని ఆ సంస్థ 2013 నవంబరులోనే ఎత్తేసింది. ఆయన సీఈవో అయింది 2014 ఫిబ్రవరిలో. కలిసి పనిచేద్దాం అనే మాటకి అడ్డు నిలిచే ఫారం అప్పటికే అక్కడ లేదు.

ప్రమోషన్లు కూడా కొలతే, ఎక్కడా రాసి ఉండదంతే. మార్పు ప్రకటించాక మొదటి ప్రమోషన్ ఎవరికిచ్చారు? పాత పద్ధతిలో రికార్డులు కొట్టినవాడికా? అయితే మీరు వంద ఈమెయిళ్లు పంపినా ఆ ఒక్క ప్రమోషన్ ముందు దిగదుడుపే.

తర్వాత నెలాఖరు ఫోన్. షీటు మారింది, కమిషన్ మారింది, కానీ ఇరవై ఎనిమిదో తేదీ రాత్రి పెద్దాయన ఫోన్ చేసి "ఎంతవరకు వచ్చింది?" అంటారు. ఏది ఎంతవరకని విడిగా చెప్పనక్కర్లేదు. అడిగేది పాత అంకేనని ఇద్దరికీ తెలుసు.

ఆఖరిది వెతకడానికి ఇబ్బందిగా ఉంటుంది. అది మీ దగ్గరే ఉండొచ్చు. బోర్డుకి మీరు తీసుకెళ్లే మొదటి స్లైడ్ ఏమిటి? అది పాత అంకె అయితే, ఆ అంకె ఆరోగ్యంగా ఉండాలని మీరే కోరుకుంటారు. ఆ కోరిక మెట్టు మెట్టు దిగుతూ సోమవారం రివ్యూ దాకా వచ్చేస్తుంది. నా అనుభవంలో దీన్ని మొదటిసారే ఒప్పుకున్న లీడర్లు చాలా తక్కువ.

పరిష్కారం

కొత్త కొలతని చేర్చడం పరిష్కారం కాదు. అందరూ అదే చేస్తారు, నేనూ అదే చేశాను. పాతదాన్ని తీసేయాలి. రెండూ ఉంటే, మనిషి బాగా తెలిసినదాన్నే పట్టుకుంటాడు.

ముందు ఆ అంకెకి పేరు పెట్టండి. మెషిన్ల సంఖ్య, గంటకి ఎన్ని కాల్స్, కౌంటర్ దగ్గర ఎన్ని ఫైళ్లు, ఏదైతే అది. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అడుగుతారో ఒక కాగితం మీద రాయండి. పైన చెప్పిన చోట్లన్నీ తిరగండి. ఫైనాన్స్, హెచ్ఆర్, జీతాల సాఫ్ట్‌వేర్ చూసే మనిషి, ఈ ముగ్గురినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. మూడో ఆయన్ని ఎవరూ పిలవరు. అసలు సంగతులు ఆయనకే తెలుసు.

జీతం లెక్క మారే తేదీ, మార్పు మొదలయ్యే తేదీ ఒకటే కావాలి. "ఇన్సెంటివ్ స్కీము వచ్చే ఏడాది సవరిస్తాం" అని ఎవరైనా అంటే, మార్పు కూడా వచ్చే ఏడాదే అని రాసుకోండి. మధ్యలో మనుషుల రాబడి పడిపోకుండా ఒక హామీ ఇవ్వండి. గత ఏడాది సగటున ఎంత కమిషన్ వచ్చిందో రెండు క్వార్టర్ల పాటు అంతకు తగ్గకుండా చూస్తాం అని కాగితం మీద పెట్టాలి. ఫైనాన్స్‌వాళ్లు ఖర్చంటారు. ఎనిమిది నెలలు ఊరికే పోయిన ఖర్చుని వాళ్ల ముందు పెట్టండి.

పాత అంకె పడిపోతుందని బోర్డుకి ముందే చెప్పండి. ఎంత పడొచ్చు, ఎప్పటిదాకా, ఏది కనపడితే తిరిగి ఆలోచించాలి, ఇవన్నీ పడకముందే ఒప్పించుకోవాలి. పడ్డాక చెబితే అది సంజాయిషీ అవుతుంది. నేను చూసిన చాలా మార్పులు సరిగ్గా ఇక్కడే చచ్చిపోయాయి. కొత్తది ఎక్కిరాక ముందే పాత అంకె తగ్గింది, పైనుంచి ఒక ఫోన్ వచ్చింది, మర్నాటి నుంచి అంతా మళ్లీ మొదటికి.

పాత వ్యాపారం ఇంకా డబ్బు తెస్తోంది, దాని అంకె వదిలేయలేం అంటారా? నిజమే, చాలా చోట్ల అంతే. అప్పుడు మనుషులని విడదీయండి. పాతదాన్ని నడిపేవాళ్లు కొందరు, కొత్తదాన్ని పెంచేవాళ్లు కొందరు. ఒకే మనిషి నెత్తిన రెండూ పెట్టొద్దు. "డెబ్బై శాతం ఇది, ముప్పై శాతం అది" అనేది స్లైడ్ మీద బాగుంటుంది, సోమవారం పొద్దున ఆ ముప్పై శాతం ఉండదు.

కొత్త కొలతతో కూడా ఆటలాడతారు, అది మామూలే. మా దగ్గర కమిషన్ మారిన మరుసటి నెల ఒప్పందాలు వెల్లువలా వచ్చాయి. సంతోషించాం. రెండు నెలలకి సగం రద్దయ్యాయి. అప్పటినుంచి సంతకం చేసిన రోజు కాకుండా మూడో అద్దె కట్టిన రోజు లెక్కలో వేయడం మొదలుపెట్టాం. ముందే ఆలోచించాల్సింది.

కుదిరిందో లేదో నెలాఖరు రెండు రోజులు చెబుతాయి. జనం దేని కోసం పరిగెడుతున్నారు? ఎవరికి ఫోన్లు చేస్తున్నారు? ఏ కాగితం మీద సంతకం కోసం తిప్పలు పడుతున్నారు? ఆ పరుగు కొత్తదాని వైపుంటే పని అయినట్టే.

లక్షణం: పైలట్ (ముందు ఒకచోట చేసి చూసే ప్రయోగం) బ్రహ్మాండం, మిగతా చోట్ల ఫెయిల్

కారణం చాలావరకు పైన చెప్పిందే, వేషం వేరు. పైలట్ టీమ్‌కి ఆ మూడు నెలలు టార్గెట్లు లేవని ఎవరో మినహాయింపు ఇచ్చి ఉంటారు. చిన్న విషయంలా అనిపించి రిపోర్టులో రాయరు. ఆ మినహాయింపే పైలట్ విజయ రహస్యం. మిగతా శాఖలకి పద్ధతి వెళ్లింది, మినహాయింపు వెళ్లలేదు. పైలట్ మేనేజర్‌ని పక్కకి పిలిచి "ఆ మూడు నెలలు నిన్ను ఏం అడగలేదు?" అనండి. ఇలా అడిగితే జవాబు వస్తుంది. "ఎలా సాధించావు?" అంటే ఉపన్యాసం వస్తుంది.

లక్షణం: కొత్తది రాకముందే పాతది కూలింది

నిజాయితీ ఎక్కువైన లీడర్లకి వచ్చే జబ్బు ఇది. నోకియా సీఈవో స్టీఫెన్ ఎలోప్ 2011 ఫిబ్రవరిలో ఉద్యోగులకి రాసిన నోట్‌లో సంస్థని సముద్రంలో మంటల్లో చిక్కుకున్న చమురు తవ్వే వేదికతో పోల్చారు. అది బయటికి పొక్కింది. ఆ వెంటనే తమ ఫోన్లని నడిపే పాత సాఫ్ట్‌వేర్ సింబియన్‌ని పక్కనపెట్టి విండోస్ ఫోన్ వైపు వెళతామని ప్రకటించారు. ఆ విండోస్ ఫోన్లు మార్కెట్లోకి రావడం మొదలయ్యేసరికి ఏడాది చివరికొచ్చింది. చచ్చిపోతుందని తయారుచేసినవాళ్లే చెప్పిన ఫోన్‌ని ఈలోగా ఎవరు కొంటారు, ఏ దుకాణదారు నిలువ పెట్టుకుంటాడు? ఆయన చెప్పింది అబద్ధమని నేననను. చెప్పిన వేళ గురించే నా పేచీ.

పరిష్కారం: కొత్తదాన్ని అమ్మకానికి పెట్టగలిగే తేదీ చేతిలో ఉన్నాకే పాతదాని ముగింపు ప్రకటించండి. ముందే చెప్పక తప్పకపోతే, పాతదానికి ఎప్పటిదాకా సపోర్ట్ ఉంటుందో అదే వాక్యంలో చెప్పండి. ఉద్యోగులకి మాత్రమే రాసిన నోట్ అంటూ ఏదీ ఉండదు. బయట చదువుతారనుకునే రాయండి.

లక్షణం: మార్చిన రోజే అంతా ఆగిపోయింది

బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒక వారాంతంలో ఖాతాలన్నిటినీ కొత్త వ్యవస్థలోకి తరలించింది. 19 లక్షల మంది వరకు కస్టమర్లు తమ ఖాతాల్లోకి వెళ్లలేకపోయారు. అక్కడి నియంత్రణ సంస్థలు 2022 డిసెంబరులో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

టెస్టింగ్ సరిగ్గా చేయండి అని మీకు చెప్పక్కర్లేదు. నేను అడిగేది రెండే. వెనక్కి తిరిగే దారిని నిజంగా ఒకసారి నడిచి చూశారా, కాగితం మీద ఉంచేశారా? "ఆపండి" అనే అధికారం ఎవరికుంది? తేదీకి పూర్తి చేస్తే బోనస్ వచ్చే మనిషి చేతిలో ఆ అధికారం ఉంటే, అది లేనట్టే లెక్క. ఇక్కడ కూడా కొలతే, చూశారా.

లక్షణం: లోపల బాగుంది, కస్టమర్లు మండిపడుతున్నారు

సంస్థలో మార్పు వల్ల వచ్చే తలనొప్పిని కస్టమర్ నెత్తిన రుద్దారేమో చూడండి. నెట్‌ఫ్లిక్స్ 2011లో పోస్టులో పంపే డీవీడీలని, ఇంటర్నెట్‌లో చూసే స్ట్రీమింగ్‌ని విడదీసి ధరలు పెంచింది. సెప్టెంబరులో డీవీడీలకి క్విక్‌స్టర్ అని వేరే పేరు, వేరే సైటు ప్రకటించింది. అక్టోబరులో ఆ ఆలోచన మానుకుంది. ఆ సెప్టెంబరుతో ముగిసిన క్వార్టర్‌లో అమెరికాలో 8 లక్షల మంది చందాదారులు తగ్గారు. స్ట్రీమింగ్ వైపు వెళ్లాలనుకోవడం సరైనదే, కాలం దాన్ని రుజువు చేసింది. రెండు పాస్‌వర్డులు, రెండు బిల్లులు అనేది సంస్థ సౌకర్యం, కస్టమర్‌కి దానితో పనిలేదు. సరిదిద్దే దారి వాళ్లు చేసిందే: అక్కర్లేని ముక్కని త్వరగా వెనక్కి తీసుకోండి, దిశని మార్చొద్దు.

లక్షణం: మంచివాళ్లు వెళ్లిపోతున్నారు

జీతం అంటారు, కాదు. తమ ఉద్యోగం ఏమవుతుందో తెలియక పోతారు. బయట అవకాశాలున్నవాళ్లే ముందు పోతారు కాబట్టి మంచివాళ్లే కనిపిస్తారు. ఇంకా తేలని విషయాల జాబితా, ఒక్కోటి ఏ తేదీకి తేలుతుందో రాసి బయటపెట్టండి. "త్వరలో చెబుతాం" అనే మాట నిషేధం. తేదీ తప్పితే, కొత్త తేదీ అదే రోజు చెప్పండి.

అరుదైనవి

*కావాలని అడ్డుపడటం.* ఇన్నేళ్లలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఆ మనిషెవరో ఆఫీసులో అందరికీ తెలుసు. అడిగితే చెబుతారు.

*మా కల్చర్ అలాంటిది.* ఎవరిని ఏం అడుగుతారో, ఎవరికి ఏమిస్తారో రాసిపెట్టుకుంటే అదే మీ కల్చర్. పైన చెప్పినవి సరిచేశాక మాట్లాడుకుందాం.

*ముందుగా తెలియలేదు.* నేను నమ్మను. కొడాక్‌లో ఇంజనీర్ స్టీవ్ సాసన్ డిజిటల్ కెమెరా తయారుచేసింది 1975లో. ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది 2012 జనవరిలో. తెలియకపోవడం కాదు, ఫిల్మ్ మీద వచ్చే లాభం తియ్యగా ఉంది.

*తప్పు సాఫ్ట్‌వేర్ కొన్నాం.* అప్పుడప్పుడు నిజమే. కానీ దీన్ని తేల్చే ముందు, దాన్ని వాడినవాడికి ఆ నెల జీతం పెరిగిందా తగ్గిందా చూడండి.

*మార్పే తప్పు.* ఇది కూడా ఉంటుంది. పాత కొలత అన్ని చోట్లా తీసేశారు, రాబడికి హామీ ఇచ్చారు, నెలాఖరు పరుగు కూడా కొత్తదాని వైపే ఉంది, అయినా రెండు క్వార్టర్లయ్యాక కస్టమర్లు నిజంగానే వద్దంటున్నారు. అప్పుడు "కస్టమర్లు ఒప్పుకోవడం లేదండీ" అనే మాటకి వేషం లేదు. కింద ఉన్నవాళ్లని వదిలేసి, ఆ నిర్ణయం తీసుకున్న గదిలోకే తిరిగి వెళ్లండి. అక్కడి సమస్యకి ఈ గైడ్ పనికిరాదు.